కంప్యూటర్ కంటి అలసట: మూలికా చికిత్సలు

కంప్యూటర్, ఫోన్ తెరల వైపు గంటల తరబడి చూసేవారికి కళ్ళు మండుతాయి, లాగుతాయి, ఇసుక పోసినట్టు గరగరలాడతాయి. సాయంత్రమయ్యేసరికి అక్షరాలు మసకబారతాయి. నుదురు, మెడ నొప్పి పుడతాయి. ఈ బాధలన్నిటినీ కలిపి కంటి వైద్యులు కంప్యూటర్ విజన్ సిండ్రోమ్ అంటారు. ఫోన్లు, ట్యాబ్లెట్లు చేతికొచ్చాక డిజిటల్ కంటి అలసట అన్న పేరు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. ఇది ఒక్క కారణంతో వచ్చే ఒక్క జబ్బు కాదు. రెండు మూడు వేర్వేరు ఇబ్బందులు ఒకే కంట్లో, ఒకే పూట కలవడం వల్ల వచ్చే అవస్థ.

దీనికి మందుగా చెప్పుకునే మూలికల జాబితా పెద్దది. ఆయుర్వేదంలో త్రిఫల, అతిమధురం ఉన్నాయి. తెలుగిళ్ళలో నందివర్ధనం పూలు, ఆముదం, పన్నీరు, పొన్నగంటి కూర, గుంటగలగరాకు కాటుక ఉన్నాయి. చైనావారు చామంతి పూల కషాయం తాగుతారు. ఐరోపా, జపాన్ దేశాల్లో బిల్‌బెర్రీ పండ్ల సారం మాత్రలుగా అమ్ముతారు. వీటిలో ఏది మంచిదో తేల్చేటప్పుడు మూలిక పేరు కన్నా, అది ఏ దారిన కంటిని చేరుతుందో చూడటం ముఖ్యం. నోటి ద్వారా తీసుకునేవి, మూసిన రెప్పల మీద పెట్టేవి, నేరుగా కంట్లో వేసేవి అని మూడు రకాలున్నాయి. మొదటి రకం నిదానంగా, కొద్దిగా పనిచేస్తుంది. రెండో రకం పెద్దగా హాని లేకుండా కొంత హాయినిస్తుంది. ప్రమాదమంతా మూడో రకంలో ఉంది. ఇంటి వైద్యంగా ఎక్కువ ప్రచారం పొందినవి కూడా ఆ మూడో రకంలోవే.

తెర ముందు కంటికి జరిగేది

మామూలుగా మనిషి నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు. తెర మీద మనసు పెట్టి చదివేటప్పుడు అది 5 నుంచి 7కు పడిపోతుందని అనేక పరిశీలనల్లో తేలింది. వేసిన ఆ కాసిన్ని రెప్పపాట్లలో కూడా చాలావరకు సగం రెప్పలే. పైరెప్ప కిందిదాకా దిగకుండానే వెనక్కి పోతుంది. నల్లగుడ్డు కింది భాగం తడి అందక ఆరిపోతుంది.

కంటి మీది తడి వట్టి నీరు కాదు. అడుగున జిగురు, నడుమ నీరు, పైన అతి పలుచని నూనె కలిసిన పొర అది. ఆ నూనె రెప్పల అంచులో ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. పైరెప్పలో 25 నుంచి 40, కిందిరెప్పలో 20 నుంచి 30 దాకా ఇవి వరుసగా ఉంటాయి. జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ 1666లో వీటిని వివరంగా వర్ణించాడు కాబట్టి ఆయన పేరే నిలిచింది. రెప్ప పూర్తిగా మూసుకున్నప్పుడల్లా ఈ గ్రంథుల మీద ఒత్తిడి పడి రవ్వంత నూనె బయటికి వచ్చి కన్నంతా పరుచుకుంటుంది. రెప్పపాటు తగ్గితే నూనె గ్రంథిలోనే నిలిచిపోయి చిక్కబడుతుంది. కొన్నాళ్ళకు గ్రంథి నోరు మూసుకుపోతుంది. నూనె పొర లేని నీరు గాలికి ఇట్టే ఆవిరవుతుంది. ఏసీ గదిలో గాలి పొడిగా ఉండటం, ఏసీ గాలో ఫ్యాన్ గాలో నేరుగా ముఖానికి తగలడం, తెర కంటి మట్టం కన్నా ఎత్తుగా ఉండి కళ్ళు విప్పార్చి చూడవలసి రావడం ఈ ఆరుదలను ఇంకా పెంచుతాయి.

రెండో ఇబ్బంది కంటి లోపలిది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కటకం చుట్టూ ఉన్న సిలియరీ కండరం బిగుసుకుని కటకాన్ని లావు చేస్తుంది. రెండు కళ్ళూ ముక్కువైపు కొద్దిగా తిరుగుతాయి. ఈ బిగింపు గంటల తరబడి సడలకపోతే కళ్ళు లాగుతాయి, తల నొప్పి పుడుతుంది, తెర నుంచి చూపు తిప్పి దూరంగా చూస్తే కాసేపు మసకగా ఉంటుంది. సరిదిద్దని సిలిండర్ పవర్ ఉన్నా, నలభై దాటి చత్వారం మొదలైనా ఈ బాధ రెట్టింపవుతుంది.

మూలికల సంగతి మాట్లాడేటప్పుడు ఈ తేడాను మరిచిపోకూడదు. కంటి పైపొర ఆరిపోవడాన్ని తగ్గించే మూలికలు ఉండవచ్చు. బిగుసుకున్న కండరానికి కావలసింది విశ్రాంతి, సరైన కళ్ళద్దాలు. హైదరాబాద్ మాదాపూర్‌లో పనిచేసే నలభై రెండేళ్ళ ఉద్యోగికి తలనొప్పి చత్వారం వల్ల వస్తుంటే, ఆరు నెలలు త్రిఫల తిన్నా ఆ నొప్పి పోదు. అద్దం వేసుకుంటే కొద్ది రోజుల్లో పోతుంది.

కంటి అలసటకు తెర నుంచి వచ్చే నీలి కాంతే కారణమన్న నమ్మకం బలంగా ఉంది. నీలి కాంతిని వడకట్టే కళ్ళద్దాల మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను 2023లో కాక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కంటి అలసట స్వల్పకాలంలో తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. నీలి కాంతిని విరిచేస్తాయని చెప్పి అమ్మే మూలికా మాత్రల ప్రకటనలను కూడా ఈ వెలుగులోనే చదువుకోవాలి.

ఆయుర్వేదంలో నేత్ర చికిత్స

కళ్ళు, చెవులు, ముక్కు, గొంతు రోగాల చికిత్సకు ఆయుర్వేదంలో శాలాక్య తంత్రమని ప్రత్యేక శాఖ ఉంది. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రం 76 నేత్ర రోగాలను లెక్కించింది. వాటిలో శుష్కాక్షిపాకం ఒకటి. రెప్పలు గట్టిపడి గరుకుగా మారడం, కళ్ళు తెరవడం కష్టమవడం, చూపు మసకబారడం దాని లక్షణాలు. నేటి ఆయుర్వేద వైద్యులు పొడి కన్నునూ, కంప్యూటర్ వల్ల వచ్చే అలసటనూ దీనితో పోల్చి చికిత్స చేస్తారు. లక్షణాల పోలిక మంచిదే. కానీ తెర అన్నదే లేని కాలంలో రాసిన రోగం అది. గ్రంథంలో ఉన్న చికిత్స నేటి బాధకు యథాతథంగా సరిపోతుందని ముందే తీర్మానించుకోలేం, పరీక్షించి చూడవలసిందే.

సుశ్రుతుడు కంటికి చేసే పనులను తర్పణం, పుటపాకం, సేకం, ఆశ్చ్యోతనం, అంజనం అని ఐదుగా చెప్పాడు. కళ్ళు పొడిబారినవారికి నేటి ఆయుర్వేద ఆసుపత్రులలో ఎక్కువగా చేసేది తర్పణం. రోగిని గాలి తగలని గదిలో వెల్లకిలా పడుకోబెడతారు. మినప్పిండిని గట్టిగా కలిపి కంటి గుంట చుట్టూ రెండంగుళాల ఎత్తు గట్టు కడతారు. గట్టుకు ఎక్కడా చీలిక లేకుండా తడి చేత్తో నున్నగా రాస్తారు. వేడినీళ్ళ గిన్నెలో ఉంచి కరిగించిన మందు నెయ్యిని, గోరువెచ్చగా ఉందో లేదో చూసుకుని, మూసిన కంటి మీద రెప్పవెంట్రుకలు మునిగేదాకా పోస్తారు. ఆపైన రోగి మెల్లగా కన్ను తెరుస్తూ మూస్తూ ఉంటాడు. ఎంతసేపు ఉంచాలో శాస్త్రం మాత్రలనే కాలప్రమాణంలో చెబుతుంది. పూర్తయ్యాక కంటి బయటి కొన దగ్గర గట్టుకు చిన్న కన్నం పెట్టి నెయ్యిని దించేస్తారు. ఆ తర్వాత కాసేపు ఎండ, గాలి, మిరుమిట్లు గొలిపే వెలుగు తగలకూడదంటారు. ఇందుకు త్రిఫలా ఘృతం, జీవంత్యాది ఘృతం వంటివి వాడతారు.

తర్పణంలో ఉపశమనం కలిగితే అందులో ఆశ్చర్యమేమీ లేదు. నూనె పొర కరువైన కంటికి కొవ్వు అందుతుంది, వెచ్చదనం అందుతుంది, మనిషి పని మానేసి కళ్ళకు విశ్రాంతినిస్తాడు. ఈ మూడింటిలో మూలిక వాటా ఎంతో విడదీయడం కష్టం. ఒకటి మాత్రం స్పష్టం. ఇది శుభ్రత తెలిసిన వైద్యుడి చేతిలో జరగవలసిన పని. ఇంట్లో డబ్బాలోని నెయ్యి కరిగించి పోసుకునేది కాదు. కళ్ళకలక ఉన్నప్పుడు, కంటి ఆపరేషన్ అయిన కొత్తలో, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని ఉన్నప్పుడు చేయించుకోకూడదు.

త్రిఫల

కంటి మందు అనగానే మన దేశంలో మొదట వినిపించే పేరు త్రిఫల. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ పెచ్చులను ఎండబెట్టి, గింజ తీసి, దంచి, జల్లించి కలిపిన చూర్ణం ఇది. సుశ్రుతుడు కళ్ళకు మేలు చేసే ఆహారంగా పాత నెయ్యి, శతావరి, పొట్ల, పెసలు, యవలతో పాటు త్రిఫలను, ఉసిరికను చెప్పాడు. రాత్రిపూట తేనె, నెయ్యి కలిపి త్రిఫల తీసుకోవడం ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడి నాటి నుంచీ ఉన్న వాడుక. తేనె, నెయ్యి సమపాళ్ళలో కలపకూడదన్న నియమం కూడా దానితోపాటే వచ్చింది.

ఈ మూడు కాయల్లోనూ వగరు పదార్థాలైన టానిన్లు, గాలిక్ ఆమ్లం ఎక్కువ. పచ్చి ఉసిరిలో విటమిన్ సి పుష్కలం. నోటి ద్వారా తీసుకుంటే త్రిఫల విరేచనం సాఫీ చేస్తుందన్నది అందరికీ అనుభవమే. తెర అలసట మీద దాని ప్రభావాన్ని చూసిన పరిశోధనలు కొద్ది. జామ్‌నగర్‌లోని గుజరాత్ ఆయుర్వేద విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ విజన్ సిండ్రోమ్ రోగులకు త్రిఫల కంటి చుక్కలు, సప్తామృత లోహం ఇచ్చి చేసిన అధ్యయనం 2010లో ఆయు పత్రికలో వెలువడింది. త్రిఫలలోని మూడు కాయలకు అతిమధురం, లోహ భస్మం చేర్చి, తేనె, నేతులతో ఇచ్చే మందు సప్తామృత లోహం. రోగులకు ఊరట కలిగిందని ఆ వైద్యులు రాశారు. అంతకుముందు 2003లో భారత వైద్య సంఘం పత్రికలో ఇంకో ప్రయోగం వచ్చింది. అందులో కంప్యూటర్ వాడకందారులను గుంపులు చేసి ఒక గుంపుకు మూలికా చుక్కలు, ఇంకో గుంపుకు కృత్రిమ కన్నీరు, మరో గుంపుకు ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చారు. మూలికా చుక్కలకే మొగ్గు కనిపించింది.

వీటిని కొట్టిపారేయనక్కర్లేదు. కానీ ఇవి కొద్దిమంది మీద, కొద్దికాలం జరిగినవి. మళ్ళీ మళ్ళీ, వేర్వేరు చోట్ల, పెద్ద సంఖ్యలో చేస్తే తప్ప మందు బలం తేలదు. పైగా ఇవి సూక్ష్మజీవులు లేకుండా తయారుచేసిన చుక్కల మీద జరిగిన ప్రయోగాలు. వీటిని చూపించి ఇంట్లో రాత్రంతా నానబెట్టిన త్రిఫల నీళ్ళతో కళ్ళు కడుక్కోమనడం సరికాదు. బట్టను నాలుగు మడతలు వేసి వడపోసినా చూర్ణపు నలుసులు దిగుతాయి, నల్లగుడ్డును గీస్తాయి. రాత్రంతా నిలవ ఉన్న నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. కళ్ళలోని ఎరుపు కాసేపు తగ్గినట్టు కనిపించినా, ఆరిపోయిన కంటికి వగరు నీళ్ళు సరైన పోషణ కావు.

తెలుగిళ్ళలోని వాడుకలు

కళ్ళు మండితే నందివర్ధనం పూలు కోసి, కడిగి, మూసిన రెప్పల మీద పెట్టుకుని పడుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. దానివల్ల వచ్చే చలవ నిజమైనదే. కీరదోస ముక్కలు, తడిగుడ్డ చేసే పనీ ఇదే. చల్లదనానికి రెప్పల వాపు తగ్గుతుంది, పావుగంట కళ్ళు మూసుకుని ఉండటం వల్ల తడి పొర తిరిగి కుదురుకుంటుంది. పూలను కంటి పైన పెట్టుకున్నంత వరకు ఇబ్బంది లేదు. పూలు నలిపి రసం కంట్లో పిండుకోవడం, కాడ తుంచితే కారే పాలు కంటికి తగలనివ్వడం మాత్రం తగదు.

ఆముదం సంగతి వేరు. తెర అలసటకు చెప్పే ఇంటి మందులన్నిటిలో నేటి శాస్త్రం గట్టిగా పట్టించుకున్నది దీన్నే. ఆముదంలో సుమారు తొంభై శాతం రిసినోలిక్ ఆమ్లం. ఇది కన్నీటి నూనె పొరతో కలిసి పలుచగా పరుచుకుంటుంది. జపాన్ వైద్యులు చాలా పలుచన చేసిన ఆముదం చుక్కలను మైబోమియన్ గ్రంథులు మూసుకుపోయినవారికి వేసి చూశారు. బాధ తగ్గిందనీ, కన్నీరు ఆవిరవడం నెమ్మదించిందనీ 2002లో ప్రకటించారు. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ పరిశోధకులు రెప్పల అంచు వాపు ఉన్నవారికి నాలుగు వారాలు రోజుకు రెండుసార్లు ఆముదాన్ని రెప్పల మీద రాయించారు. 2021లో వెలువడిన ఆ ఫలితాలు కూడా అనుకూలంగానే ఉన్నాయి. ఔషధ కంపెనీలు అమ్మే కొన్ని కృత్రిమ కన్నీటి ఎమల్షన్లలో ఆముదం ఒక భాగం.

దీన్ని వాడదలిస్తే కాపడం ముందు పెట్టాలి. గ్రంథుల్లో గట్టిపడ్డ నూనె కరగడానికి రెప్పకు సుమారు 40 డిగ్రీల వెచ్చదనం ఐదు నుంచి పది నిమిషాలు తగలాలి. శుభ్రమైన గుడ్డను వేడినీళ్ళలో ముంచి పిండి, మణికట్టు మీద పెట్టి వేడి చూసుకుని, మూసిన కళ్ళ మీద వేసుకోవాలి. చల్లారగానే మళ్ళీ ముంచాలి. తర్వాత శుభ్రమైన వేలితో పైరెప్పను పై నుంచి కిందికి, కిందిరెప్పను కింద నుంచి పైకి, రెప్పవెంట్రుకల వైపుగా మెల్లగా రాయాలి. అప్పుడు రాత్రి పడుకునే ముందు దూది పుల్లకు అంటించిన ఒక్క బొట్టు ఆముదాన్ని మూసిన రెప్పల అంచుకు పూయవచ్చు. గానుగలో ఆడించిన ఆముదాన్ని కంట్లో చుక్కలుగా వేసుకోవడం పొరపాటు. ప్రయోగాల్లో కంట్లో వేసింది మందుల ప్రమాణంలో శుద్ధి చేసిన చుక్కలే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో అనుమతి లేకుండా అమ్ముతున్న ఆముదం కంటి చుక్కల గురించి హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది.

కాటుకకు మన ఇళ్ళలో మందు స్థానం కూడా ఉంది. గుంటగలగరాకు పసరులో పలుచని నూలుబట్టను తడిపి, నీడన ఆరబెట్టి, మళ్ళీ మళ్ళీ తడిపి ఆరబెడతారు. దాన్ని వత్తిగా చేసి ఆముదం ప్రమిదలో వెలిగిస్తారు. మంట మీద రాగి పళ్ళెమో ఇత్తడి పళ్ళెమో బోర్లిస్తారు. పట్టిన మసిని గీకి, నెయ్యితో రంగరించి భరిణెలో పెట్టుకుంటారు. కంటికి చలువ అన్న నమ్మకంతో బాలింతలకు, పసిపిల్లలకు పెడతారు. అందం కోసం రెప్పల బయట దిద్దుకోవడం వరకు సరే. తెర అలసట ఉన్నవారికి మాత్రం కాటుక మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. కిందిరెప్ప లోపలి అంచున రేఖ దిద్దే చోటే మైబోమియన్ గ్రంథుల నోళ్ళు వరుసగా ఉన్నాయి. మసి, నెయ్యి కలిసి వాటిని కప్పేస్తాయి, నలుసులు తడి పొరలో తేలుతాయి. బజారులో దొరికే సుర్మాలది ఇంకా పెద్ద సమస్య. కొన్నిటిని సీసం ఖనిజంతో చేస్తారు. కళ్ళకు పెట్టి, చేతికంటి, నోట్లోకి పోయిన సీసం చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అమెరికాలో ఇలాంటి కోల్, సుర్మాల అమ్మకానికి అనుమతి లేదు. అక్కడున్న మనవాళ్ళు ఊరి నుంచి తెప్పించుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

పన్నీరు, ధనియాల నీళ్ళు, కలబంద గుజ్జు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రెప్పల మీద దూదితో పెట్టుకుంటే చలువ, కంట్లో వేస్తే ముప్పు. వంటకో, ముఖానికో అని అమ్మే పన్నీరు సీసా కంటి మందు కాదు.

తినేవి, తాగేవి

పొన్నగంటి కూర కళ్ళకు మంచిదన్న మాటలో నిజముంది. పొన్నగంటి, మునగాకు, తోటకూర వంటి ఆకుకూరల్లో బీటా కెరోటిన్ ఉంటుంది. శరీరం దాన్ని విటమిన్ ఎగా మార్చుకుంటుంది. ఆ విటమిన్ కరువైతే రేచీకటి వస్తుంది, తెల్లగుడ్డు ఎండిపోతుంది, చివరికి నల్లగుడ్డు కరిగి చూపే పోతుంది. ఒకప్పుడు మన దేశంలో వేలాది మంది పిల్లలు ఇలా గుడ్డివారయ్యారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగిన పరిశోధనల ఆధారంగానే 1970లో పిల్లలకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆకుకూర కంటిని కాపాడుతుందన్న అమ్మమ్మల మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అయితే కడుపునిండా తినే ఉద్యోగికి తెర ముందు కళ్ళు మండేది విటమిన్ లోపం వల్ల కాదు. అతనికి పొన్నగంటి మంచి కూర, అలసటకు విరుగుడు కాదు.

అవే ఆకుల్లో లూటిన్, జియాజాంథిన్ అనే పసుపు వర్ణకాలు కూడా ఉన్నాయి. ఇవి రెటీనా నడిమి భాగంలో పేరుకుని కాంతిని కొంత వడకడతాయి. రోజుకు ఆరు గంటలకు పైగా తెర చూసే యువతకు ఆరు నెలల పాటు రోజుకు 24 మిల్లీగ్రాముల చొప్పున ఈ వర్ణకాలు ఇస్తే తలనొప్పి, కంటి అలసట తగ్గాయని 2017లో జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పారు. పాల్గొన్నవారు 48 మందే. మాత్రలు మింగే ముందు కూర తినడం మొదలుపెట్టడం మేలు. ఈ వర్ణకాలు కొవ్వులో కరిగేవి కాబట్టి పొన్నగంటిని ఒక చెంచా నూనెతో వేయించినా, నెయ్యి వేసిన పప్పులో కలిపినా ఒంటికి బాగా పడతాయి. పచ్చి ఆకు రసం తాగితే అంత అందదు.

అవిసె గింజలు, చేప నూనెల్లోని ఒమేగా-3 పొడి కంటికి మంచిదన్న ప్రచారం ఇప్పటికీ సాగుతోంది. అమెరికాలో 535 మంది పొడికంటి రోగులపై ఏడాదిపాటు జరిగి 2018లో వెలువడిన డ్రీమ్ ప్రయోగంలో రోజుకు 3 గ్రాముల చేప నూనె ఒమేగా-3 ఇచ్చినవారికీ, ఆలివ్ నూనె మాత్రలు ఇచ్చినవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అవిసె పొడి అన్నంలో కలుపుకుంటే నష్టమేమీ లేదు, కళ్ళ కోసమని ఆశ పెట్టుకోవద్దు.

బయటి దేశాల మూలికల్లో బిల్‌బెర్రీకి పేరెక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పైలట్లు ఈ పండ్ల జామ్ తిని రాత్రిపూట బాగా చూడగలిగారన్న కథ దీని వెనక ఉంది. రాత్రి చూపు మీద జరిగిన ప్రయోగాలను 2004లో సమీక్షించినప్పుడు ఆ కథకు బలం చేకూరలేదు. తెర అలసట విషయంలో మాత్రం కొంత ఆశ కనిపిస్తోంది. జపాన్‌లో కంప్యూటర్ ముందు పనిచేసే 88 మందిలో కొందరికి ఎనిమిది వారాలు రోజుకు 480 మిల్లీగ్రాముల సారం ఇచ్చిన ప్రయోగంలో అలసట కొంత తగ్గింది. ఇది 2015 నాటి మాట. మన నేరేడు పండులో కూడా ఆ ఊదా వర్ణకాలే ఉన్నాయని చెప్పి దాన్ని కంటి మందుగా ప్రచారం చేసేవారున్నారు. నేరేడుతో అలాంటి ప్రయోగం చేసి చూపితే అప్పుడు నమ్మవచ్చు.

చైనా సంప్రదాయంలో చామంతి పూలు, గోజీ పండ్లు వేసి కాచిన నీళ్ళు కళ్ళు అలిసినవారు తాగుతారు. గోజీలో జియాజాంథిన్ దండిగా ఉంటుంది. వేడి పానీయం కోసం లేచి పది నిమిషాలు తెరకు దూరంగా కూర్చోవడం కూడా ఆ చికిత్సలో భాగమే అనిపిస్తుంది. ఐరోపాలో యూఫ్రేసియా అనే చిన్న పూల మొక్కను శతాబ్దాలుగా కంటి మందుగా వాడుతున్నారు. పువ్వు కన్నులా కనిపిస్తుంది కాబట్టి కంటికి మేలు చేస్తుందన్న పాత నమ్మకమే దానికి మూలం. సీమ చామంతి కషాయంతో కళ్ళు కడుక్కున్న కొందరికి ఎలర్జీతో కళ్ళు వాచిపోయాయని 1990లో స్పెయిన్ వైద్యులు రాశారు. పువ్వుల్లోని పుప్పొడే అందుకు కారణం.

కంట్లో వేసేవాటి ముప్పు

నల్లగుడ్డులో రక్తనాళాలు ఉండవు. అందుకే అది పారదర్శకంగా ఉంటుంది, అందుకే అక్కడ సూక్ష్మజీవి పట్టుకుంటే శరీరం ఎదుర్కోవడం ఆలస్యమవుతుంది. పుండు మానినా తెల్లటి మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ చూపుకు అడ్డం వస్తుంది. ఉల్లిరసం, నిమ్మరసం, తేనె, చనుబాలు, ఆకు పసర్లు కంట్లో వేసుకుని పుండ్లు ముదిరాక ఆసుపత్రికి వచ్చేవారు మన దేశంలో ఇప్పటికీ ఉన్నారు. జిల్లేడు పాలు మరీ ప్రమాదం. నొప్పి పెద్దగా తెలియకుండానే నల్లగుడ్డు లోపలి పొరను దెబ్బతీసి చూపును మబ్బు చేస్తాయి.

పరిశ్రమలో తయారైన చుక్కలకే శుద్ధి తప్పితే ఏమవుతుందో 2023లో లోకమంతా చూసింది. చెన్నై దగ్గర తయారై అమెరికాలో అమ్ముడైన ఒక కృత్రిమ కన్నీటి మందులో మందులకు లొంగని సూడోమోనాస్ సూక్ష్మజీవి చేరింది. అక్కడి 18 రాష్ట్రాల్లో 81 మందికి అది సోకింది. నలుగురు చనిపోయారు, పద్నాలుగు మంది చూపు కోల్పోయారు. అది మూలికా మందు కాదు. శుభ్రమైన గదులు, వడపోతలు, పరీక్షలు ఉండవలసిన చోట ఇలా జరిగితే, వంటింట్లో రుబ్బిన పసరుకు ఏ భరోసా ఉంటుంది?

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కొవిడ్ కోసం జనం బారులు తీరిన నాటు మందులో కంటి చుక్కలు కూడా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నెలాఖరున నోటితో తీసుకునే మందులకు అనుమతి ఇచ్చి, కంటి చుక్కలను నివేదికలు వచ్చేదాకా పక్కన పెట్టింది. ఆ మందు గుణంపై ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ విభజన మాత్రం సరైనది.

మందుల కొనుగోలు, జాగ్రత్తలు

మన దేశంలో ఆయుర్వేద మందుల తయారీకి 1940 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు కావాలి. మహిమలు చెప్పి మందులు అమ్మే ప్రకటనలను అరికట్టే 1954 చట్టం తన పట్టికలో గ్లకోమా, శుక్లం, అంధత్వంతో పాటు దృష్టి వ్యవస్థ రోగాలను కూడా చేర్చింది. వీటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం నేరం. కళ్ళద్దాలు తీసి పారేయండి అని చెప్పే మూలికా చుక్కల ప్రకటన కనిపిస్తే ఈ చట్టాన్ని గుర్తు తెచ్చుకోవాలి.

కంటి చుక్కలు కొంటే సీసా మీద లైసెన్సు సంఖ్య, గడువు తేదీ, మూత తీశాక ఎన్నాళ్ళలో వాడాలో చూసుకోవాలి. లోహ భస్మాలు ఉన్న మందును వైద్యుడు రాస్తేనే తీసుకోవాలి. అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2004లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. త్రిఫల విరేచనకారి కాబట్టి గర్భిణులు, షుగరు మందులు వేసుకునేవారు అడిగి వాడాలి. రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు బిల్‌బెర్రీ మాత్రలకు దూరంగా ఉండటం మంచిది.

ఏ మూలిక వాడినా తెర ముందు అలవాట్లు మారకపోతే ఫలితం నిలవదు. అమెరికా దృష్టి నిపుణుడు జెఫ్రీ ఆన్షెల్ ప్రచారంలోకి తెచ్చిన 20-20-20 పద్ధతి గుర్తుంచుకోవడం తేలిక: ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలోని వస్తువును, ఇరవై సెకన్లు చూడాలి. ఆ ఇరవై సెకన్లలో రెప్పలను పూర్తిగా, పైది కిందిదానికి తగిలేలా, నాలుగైదుసార్లు మూసి తెరిస్తే గ్రంథుల్లోని నూనె కూడా కదులుతుంది. తెర పైఅంచు కంటి మట్టానికి కాస్త కిందికి, చేయి చాచినంత దూరంలో ఉండాలి. ఏసీ గాలి ముఖానికి తగలకూడదు. రెప్ప వేయకుండా చూపు నిలిపే త్రాటకాన్ని కంటి వ్యాయామంగా చెబుతుంటారు. దానికి ధ్యానంలో స్థానం ఉండవచ్చు, కళ్ళు ఇప్పటికే ఆరిపోయిన ఉద్యోగికి మాత్రం అది తగినది కాదు.

రెండు మూడు వారాలు ఇవన్నీ పాటించినా బాధ తగ్గకపోతే కంటి వైద్యుడు పవర్, కన్నీటి పొర, రెప్పల గ్రంథులు చూడాలి. షుగరు ఉన్నవారు అలసట ఉన్నా లేకపోయినా ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి. హఠాత్తుగా చూపు తగ్గడం, తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, కంట్లో మెరుపులు, నల్లటి తెర దిగినట్టుండటం తెర అలసట లక్షణాలు కావు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నందివర్ధనం పూలకో ఆముదానికో కాక, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.